ఎవరితో చెప్పవలెను?
(నౌపడ జంక్షనులో ఒక సంవాదము)

ఈ సంవాదమున మాటలాడిన యిరువురిలో ఒకరి కోరికను మన్నించి వారి పేర్లను తొలగించితిని. గుర్తుపట్టుటకు వీలగు వివరములను కొన్నింటిని విడిచితిని, కొన్నింటిని మార్చితిని. వారిలో స్త్రీ ఉప్పుమళ్లలో పనిచేయునని వ్రాయబోవుచున్నాను. నిజముగా చేయునో లేదో పాఠకుడు విచారింపకుండుగాక. విచారింప మొదలిడిన క్షణముననే ఈ వ్యాసము ఎవరి మేలు కోరి వ్రాయబడినదో వారికి కీడు చేసినదగును. మాస్టారి మాటలు ఇంచుమించు ఆయన పలికినట్లే యున్నవి; నలుబది యేండ్లు తెలుగు నేర్పి విశ్రాంతి తీసికొన్న ఆ పెద్దమనిషి నోట గ్రాంథికము సహజముగనే జాలువారును. ఆమె మాటలను మాత్రము నేను నా అలవాటుచొప్పున కూర్చితిని. అట్లు కూర్చునపుడు వాని వేడి కొంత చల్లారినది; చల్లార్చుటకు మనసొప్పని చోట్ల ఆమె పలుకునే ఉంచితిని.

చైత్రము వెళ్లుచున్న దినములు. స్టేషనుకు ఆవల ఉప్పుమళ్లలో తీసిన ఉప్పు గుట్టలు గుట్టలుగా పోసి, పైన తాటాకులు కప్పియున్నారు. 1900 లో పర్లాకిమిడి రాజావారు వేయించిన సన్నపట్టాల రైలు నూరేండ్లకు పైగా ఇచ్చటినుండియే కొండదేశమునకు నడచి, ఇప్పుడు పెద్దపట్టాల బండియై గుణుపురము వరకు పోవుచున్నది. ఆ బండి దిగినవారు, విశాఖపట్టణము వైపు పోవు బండికి వేచినవారు, ఇట్లు పదిమంది చెట్టునీడను చేరియుండగా, ప్లాట్‌ఫారము చివరనున్న బల్లపై ఆ యిద్దరును కూర్చుండిరి. నేను మాస్టారికి చుట్టమును. నేను వినుటకు ఆమె సమ్మతించినది. ఆమె నెలకొకమారు ఈ బండినెక్కి, శ్రీకాకుళములో ఎయిడ్సు మందులిచ్చు కేంద్రముండగా దానిని దాటి, 150 కిలోమీటర్లకు పైబడిన విశాఖపట్టణమునకు పోయి కింగ్ జార్జి ఆసుపత్రిలో మందు తెచ్చుకొనును. శ్రీకాకుళములో ఆ వరుసలో నిలుచున్నచో ఊరివారెవరైన చూతురని ఆమె భయము.

మాస్టారు: అమ్మా, నేనడుగబోవునది చిన్న కోరిక కాదని నాకు తెలియును. అయినను అడుగకుండ ఉండలేకున్నాను. వచ్చు నెలలో మన మహిళా సంఘముల సమావేశమున నీవు పది నిమిషములు నిలుచుండి, "నాకీ వ్యాధి సోకి పదునెనిమిది యేండ్లయినది, నేను మీ నడుమనే కలుపు తీసితిని, ఉప్పు మోసితిని, పెండ్లి విందులలో వడ్డించితిని, నా కుమారునికి వ్యాధి లేదు" అని చెప్పిన చాలును. నేను పంచిన కరపత్రములు చేయలేని పనిని నీ పది మాటలు చేయును.

ఆమె: నాను బతికే ఉన్నాను కదా మాస్టారూ. ఇంకేటి సెప్పాలి?

మాస్టారు: బ్రతికియున్నది నీవని వారికి తెలియును, ఈ వ్యాధితో బ్రతికియున్నావని తెలియదు. ఆ రెండును కలిపి చూడనంతకాలము వారి మనస్సులో ఎయిడ్సు అనగా ఎముకలగూడే. ఇరువదియేండ్ల క్రిందట రోడ్ల వెంబడి పెద్ద పెద్ద అక్షరములతో "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అని ప్రకటనలు వెలసినవి, ఆ పేరెరుగని పిల్లవాడు లేకపోయెను. ఫలితమేమి? ఆ వ్యాధి పులిరాజాదైనది, లారీ డ్రైవరుదైనది, ఎచ్చటనో ఉన్న చెడ్డవానిదైనది. మన వీధిలోని మనిషిది కాలేదు. మన వీధిలోని మనిషి నోరు విప్పనంతకాలము ఆ భ్రమ వీడదు. నిన్ను నేను అడుగుట నీ మేలుకొరకు మాత్రమే కాదు. నీ వెనుక పరీక్ష చేయించుకొనుటకు భయపడి ఇంట కూర్చున్నవారి మేలుకొరకు.

ఆమె: ఆ వెనుకనున్నవారి పేరు చెప్పి నన్ను ముందుకు త్రోయుచున్నారు. త్రోసిన తరువాత బండి వచ్చినచో మీరు ఎక్కి ఇంటికి పోవుదురు. సమావేశము ముగియును, కుర్చీలు మడతవేయుదురు, ఫోటో పత్రికలో పడును. మరునాడు తెల్లవారుజామున కుళాయి దగ్గర బిందె పెట్టవలసినదానను నేను.

మాస్టారు: ఆ కష్టము ఎవరో ఒకరు పడినందుననే ఈ మందు నీ సంచిలోనికి వచ్చినదమ్మా. 1983 లో అమెరికా దేశమున డెన్వరు నగరమున ఈ వ్యాధిగ్రస్తులు కొందరు ఒక సభలో లేచి, "మమ్ము బాధితులని పిలువవలదు, మేము ఈ వ్యాధితో జీవించుచున్న మనుష్యులము" అని చాటిరి. అప్పటికి మందు లేదు, రక్తపరీక్ష కూడ లేదు, మరణమొక్కటే ఉన్నది. ఆ స్థితిలో వారు తమ ముఖమును చూపిరి. మన పక్కనున్న తమిళదేశమున నామక్కల్లుకు చెందిన కౌసల్య అను నామె, ఇరువదియేండ్ల ప్రాయమున భర్తవలన వ్యాధి సోకి విధవయై, దాగక, తన పేరుతోనే మాటలాడి, 1998 లో ఈ వ్యాధిగల స్త్రీలకొక సంఘమును స్థాపించెను. 2004 ఏప్రిలు 1 నుండి ప్రభుత్వము ఉచితముగా మందులీయ నారంభించినది. మొదట ఎంచుకొన్న ఆరు రాష్ట్రములలో మన ఆంధ్రప్రదేశమొకటి. ఆకాశమునుండి ఊడిపడినదా ఆ ఉత్తరువు? నోరువిప్పినవారి వెంటబడి వచ్చినది. గోవాలో డొమినిక్ డిసౌజా అను యువకుడు...

ఆమె: ఆయన తానుగా చెప్పెనా?

మాస్టారు ఒక క్షణము ఆగెను. అబద్ధమాడుట ఆయనకు చేతకాదు.

మాస్టారు: లేదు. ఆయన రక్తదానము చేయు అలవాటుగలవాడు. ఆ రక్తమును పరీక్షించి కనుగొనిరి. 1989 లో ఒకనాడు పోలీసులు వచ్చి తీసికొనిపోయి, అచ్చటి చట్టము పేర అరువదినాలుగు దినములు పాత క్షయరోగుల ఆసుపత్రిలో ఒంటరిగా నిర్బంధించిరి. తల్లి న్యాయస్థానమునకు పోయినది. ఊరెల్ల తెలిసిన తరువాత ఆయన బయటకు వచ్చి, ఇక దాచుటకేమియు లేదని, ఇతరులకొరకు పనిచేసి, 1992 లో మరణించెను.

ఆమె: మరి చూడుడు. ముందు బట్ట లాగివేసిరి, తరువాత ఆయన సిగ్గుపడలేదని మీరు మెచ్చుకొనుచున్నారు.

ఈ మాట విన్నప్పుడు నాకు ఆర్థర్ ఆష్ జ్ఞప్తికి వచ్చెను. వింబుల్డన్ గెలిచిన ఆ నల్లజాతి టెన్నిసు వీరునికి, 1983 లో గుండె శస్త్రచికిత్స సమయమున ఎక్కించిన రక్తము ద్వారా వ్యాధి సోకినది. ఆయన భార్యతోను, వైద్యులతోను, కొద్దిమంది స్నేహితులతోను చెప్పి, వారు ఆ మాటను కాపాడగా, చిన్న కుమార్తెను పెంచుకొనుచు ప్రశాంతముగానే యుండెను. 1992 ఏప్రిలులో ఒక పత్రిక ఆ సంగతిని ఆరా తీయ మొదలిడగా, వారు వ్రాయకమునుపే తానే చెప్పవలసివచ్చి, విలేఖరుల ఎదుట నిలుచుండి, మాట పెగలక, చదువుచున్న కాగితమును కొంతసేపు భార్య చేతికిచ్చెను. అంతకు ముందటి యేడు నవంబరులో మేజిక్ జాన్సన్ అను బాస్కెట్‌బాల్ ఆటగాడు తన వ్యాధిని తానే ప్రకటించి లోకమునకు ధైర్యము చెప్పెను. లోకము ఇద్దరిని ఒక్క గాటనే కట్టి పొగడును. ఒకడు తలుపు తెరచెను, ఒకని తలుపు విరుగగొట్టిరి. ఈ భేదమును ఆ ఉప్పుమళ్ల స్త్రీ ఆష్ పేరు వినకయే చెప్పినది.

మాస్టారు: సరే, ఆ మాటకు నేను తల వంచితిని. కాని చెప్పక యుండుట కూడ ఊరక యుండుట కాదుగదా. దినదినము ఎంత శ్రమ! నీవు పడు శ్రమను నేను చూచుచున్నాను.

ఆమె: చూచుచున్నారా? మీరు చూచినది తక్కువ. ఇదిగో, ఈ సీసా.

ఆమె సంచి మూతి కొద్దిగా తెరచినది. అరచేతిలో ఇముడు తెల్లని ప్లాస్టిక్ సీసా. పైనున్న కాగితము గోటితో గీకి తీసివేయగా జిగురు మరక మిగిలియున్నది. ముప్పది మాత్రల సీసా కదిలినచో గలగలమని శబ్దము చేయును, రైలులో పక్కవారు "ఏటమ్మా అది?" అని అడుగుదురు. అందువలన ఆమె ప్రతినెల కేంద్రమునుండి బయటకు వచ్చినవెంటనే మరుగుదొడ్డిలో నిలుచుండి, సీసాలో మాత్రలపై దూది కుక్కును. ఆ దూదిని ఇంటినుండియే తీసికొనిపోవును. ఇల్లు చేరినపిదప మాత్రలను థైరాయిడ్ మందు డబ్బాలోనికి మార్చును. రాత్రి తొమ్మిదింటికి సెల్లుఫోను మ్రోగును. పక్కింటివారు అది పాలు కాచు వేళ యనుకొందురు.

ఆమె: మొదటి అబద్ధము ఏదో తెలియునా మాస్టారూ? "పాలు పడలేదు" అన్నది. 2007 లో కాన్పుకు ముందు రక్తము తీసిరి. అప్పుడు తెలిసినది. మగవానికి పరీక్ష లేదు. కడుపుతోనున్న ఆడదానికి మాత్రము చేయుదురు. ఇంటిలో మొదట తెలియునది దాని పేరు. "నువ్వే తెచ్చావు" అన్నది మా అత్త. తెచ్చినవాడు పైదేశములో కూలిపనికి పోయియుండెను. కాన్పు నొప్పులు మొదలైనప్పుడు నాకొక మాత్ర ఇచ్చిరి, పుట్టినపిదప గుంటడికి కొన్ని చుక్కలు వేసిరి. ఆనాటికి ఉన్న మందు అంతే. చన్నుపాలలోను వచ్చునని చెప్పగా డబ్బాపాలు పట్టితిని. పురిటి గదికి వచ్చిన ప్రతి ఆడదియు "రొమ్ము ఇయ్యవేమే?" అన్నది. పాలు పడలేదంటిని. రవిక తడిసిపోవుచుండగా పాలు పడలేదంటిని.

కొంతసేపు ఇద్దరును మాటలాడలేదు. గూడ్సుబండి యొకటి మెల్లగా పోయెను. తల్లినుండి బిడ్డకు వ్యాధి సోకు ప్రమాదము, మందేదియు లేనిచో నూటికి 15 మొదలు 45 వరకు. నేటి మందులు సరిగా వాడినచో నూటికి 5 కంటె తక్కువ. ఆ స్త్రీ ఈ రెండింటికిని నడుమ కాలమున ప్రసవించినది. బిడ్డ తప్పించుకొన్నాడని పదునెనిమిదవ నెలలో చేసిన పరీక్షవలన రూఢియైనది.

మాస్టారు: ఇంత భారమును ఒంటరిగా మోయుటకంటె దించుట మేలు కాదా?

ఆమె: ఒంటరిగా మోయలేదు. ఐదుగురితో చెప్పితిని. మీరు అయిదవవారు. ఒక్కొక్కమారు చెప్పుటయు ఒక్కొక్క కాన్పే. మొదట మా అమ్మకు చెప్పితిని. అమ్మ ఏడ్చి, ఆ రాత్రి నా పక్కనే పండుకొన్నది. దానికిమించి ఒక మాట అనలేదు. రెండవది మా అన్నయ్యకు. ఆయన మంచివాడే, తనలో ఉంచుకొనలేక వదినకు చెప్పినాడు. వదినకు నేను చెప్పలేదు, కాని లెక్కలో ఆమెను కూడ వేసికొనుచున్నాను. వదిన నన్ను పొమ్మనలేదు. కోపపడలేదు. పండుగకు పిలుచును. కాని ఒకనాడు నేనే అంట్లు తోమబోగా, నేను త్రాగు స్టీలు గ్లాసు అడుగున మేకుతో గీసిన చిన్న గీత కనబడినది. పది గ్లాసులు త్రిప్పి చూచితిని. గీత దాని ఒక్కదానికే. ఎంతకాలమునుండి గీసియున్నదో! నవ్వుచు దానిలోనే పోసి ఇచ్చుచుండెను.

మాస్టారు: గ్లాసువలన సోకదని ఆమెకు ఎవరును చెప్పలేదా?

ఆమె: చెప్పితిరి. మీ కరపత్రమే వాళ్ల ఇంట గోడకున్నది. నాలుగవది తోటి పనికత్తె. ఆమెకును ఇదే జబ్బు, కేంద్రములో ఇద్దరమును ఎదురుపడితిమి. అచ్చట చెప్పవలసిన పనిలేకపోయినది. ఒకరినొకరు చూచి నవ్వితిమి. ఆ నవ్వు నాకు మందుకంటె ఎక్కువ పనిచేసినది. ఊరిలో ఎదురైనప్పుడు మాత్రము ఎరుగనట్లే పోవుదుము.

మాస్టారు: నీ వదిన వంటివారికొరకే చట్టము వచ్చినదమ్మా. 2017 లో పార్లమెంటు శాసనము చేసినది. 2018 సెప్టెంబరు 10 నుండి అమలులో నున్నది. ఉద్యోగమున, ఆసుపత్రిలో, బడిలో, అద్దె యింట ఈ వ్యాధి కారణముగా ఎవరిని వేరుచేసినను అది చట్టవిరుద్ధమే. కనుక వెనుకటివలె నీవు భయపడనవసరము లేదు.

ఆమె: గ్లాసు మీద గీత గీసినందుకు మా వదినను కోర్టుకు లాగుదునా? సరే, ఆ చట్టములో చెప్పుట గురించి ఏమున్నది?

మాస్టారు: ఆ వ్యక్తి సమ్మతి లేక ఎవరును బయటపెట్టరాదని, బలవంతముగా చెప్పించరాదని ఉన్నది. న్యాయస్థానమున సహితము మారుపేరుతో వ్యాజ్యము నడుపుకొనవచ్చును.

ఆమె: అయితే మీ చట్టము నా పక్షమే కదా.

మాస్టారు నవ్వెను, కాని పట్టు విడువలేదు. నేనిచ్చట ఒక మాట వ్రాయవలెను. అమెరికా సమాజశాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్ 1963 లో, ఈ వ్యాధి పేరు లోకము వినుటకు ఎన్నో యేండ్లు ముందు, కళంకమును గూర్చి వ్రాసిన గ్రంథమున మనుష్యులను రెండు తెగలుగా విభజించెను: కళంకమని లోకమెంచునది పైకి కనబడువారు, కనబడనివారు. మొదటివారి కష్టము ఎదుటివాని చూపును సహించుట. రెండవవారి కష్టము చెప్పుటయా మానుటయా, ఎవరితో, ఎప్పుడు, ఎచ్చట అని అనుదినము తూచుకొనుట. మన సాలూరులో కుష్ఠువ్యాధిగ్రస్తుల ఆసుపత్రి చిరకాలముగా నున్నది. అచ్చటికి వచ్చువారి వ్రేళ్లు, ముఖము వారి కథను వారికంటె ముందే చెప్పివేయుచుండెను. ఈమెకు ఆ శిక్ష లేదు. కాని ఏ శిక్షయు పడకుండ చూచుకొనుటయే ఈమెకు శిక్షయైనది. సన్నబడినచో అడుగుదురని ఆకలి లేకున్నను తినును. జ్వరము వచ్చినచో అది ఏ జ్వరమో పదిమంది వినునట్లు చెప్పును. పెండ్లికి పోవునపుడు అందరికంటె ముందు పోయి, జడలో రెండు మూరల మల్లెలు తురుముకొని, విధవరాలికి పూలేమిటని పెదవి విరిచిన ముసలమ్మల మాటను పడును. ఆ మాట ఈ మాటకంటె నయమని ఆమె లెక్క. ఇది మోసమని నేననుకొనను. ఉప్పుమళ్ల పనివారు పగిలిన మడమలకు నూనె రాచుకొని పండుగనాడు తెల్లచీర కట్టుకొనుట ఎట్టిదో ఇదియు నట్టిదే.

మాస్టారు: నీవు దాచుటకు నేను తప్పు పట్టుటలేదు. ఈ వ్యాధి విషయమున లోకము అడుగు మొదటి ప్రశ్నయే దుర్మార్గమైనది: "ఎట్లు వచ్చినది?" ఈ పట్టాలు పోవు పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారుండిరి. సవరల భాషకొరకు కొండలలో తిరిగి, చలిజ్వరము పాలై, క్వినైను మ్రింగి మ్రింగి చెవులు పోగొట్టుకొనిరి. ఆ చెవుడు ఎట్లు వచ్చినదని అడిగినవాడు తెలిసికొని చేతులెత్తి మ్రొక్కెను. నీ వ్యాధి ఎట్లు వచ్చినదని అడిగినవాడు నీ నడవడిని తూచుటకు అడుగును. ఆ తూనికరాయిని పగులగొట్టవలెనని నా తపన. దానిని పగులగొట్టగలది నీ వంటి మనిషి నోటిమాటయే.

ఆమె: మాస్టారూ, మీరు నన్నింతగా అడుగుట వెనుక వేరే యేదో ఉన్నది. నేను మీ దగ్గర చదువుకొన్నదానను. తప్పు చేసిన పిల్లవానిని కాక వాని పక్కవానిని మీరు కోప్పడునప్పటి గొంతు ఇది.

మాస్టారు చాలసేపు ఉప్పుగుట్టలవైపు చూచెను. తరువాత చెప్పిన మాటలు నాకును కొత్తవే.

మాస్టారు: ఉన్నది. ఏ బడియో చెప్పను. ఒక పిల్లవాని తండ్రి ఈ వ్యాధితో చనిపోయెను. తల్లి వచ్చి, పిల్లవాని చేత మందు మ్రింగించు వేళ యొకటి కలదని, ఆ వేళకు వానిని బయటకు పంపుమని, నాతో ఒంటరిగా చెప్పుకొన్నది. నేను జాలితో, మేలుకొరకే, ఒక సహోపాధ్యాయునితో చెప్పితిని, వాడు మరచినచో నీవు గుర్తుచేయుమని. ఆయనయు ఎవరితోనో జాలితోనే చెప్పియుండును. మూడవనాడు వాని బల్లమీద వాడొక్కడే కూర్చుండెను. వారమునకు ఆ వరుసయే ఖాళీయైనది. తల్లులు వచ్చి నన్ను నిలదీసిరి. నేను వారికి నచ్చజెప్పితిని, శాస్త్రము చెప్పితిని, ఆ పిల్లవాని పలకను వారి యెదుట ముట్టుకొని చూపితిని. నెల తిరుగకమునుపు ఆ తల్లి బదిలీపత్రము తీసికొని పోయినది. పోవునపుడు నన్ను ఒక మాట అనలేదు. అనియున్నచో బాగుండెడిది. ఆనాటినుండి నేను ఊరూర ఈ వ్యాధిని గూర్చి చెప్పుచున్నాను.

ఆమె: మీరు చెప్పినది అబద్ధము కాదు, చెడు తలంపుతోను చెప్పలేదు. కాని ఆ మాట మీది కాదు మాస్టారూ. ఆ తల్లిది. ఆమె మీ చేతిలో దాచుకొనుటకు పెట్టినది. ఇప్పుడు అదే ఋణము తీర్చుకొనుటకు నా మాటను అడుగుచున్నారు.

మాస్టారు: నేనట్లు అనుకొనలేదు.

ఆమె: పోయిన యేడు మా వీధి టీకొట్టు దగ్గర నేను త్రాగిన గ్లాసులోనే త్రాగెదనని చేయిచాచితిరి, నలుగురు చూడవలెనని. గుర్తున్నదా? నేను వలదంటిని. మీరు నా గ్లాసులో త్రాగినచో "ఏమిటి విశేషము?" అని చూచిన ప్రతివాడును అడుగును. మీ టీ మీరు త్రాగుడు. ఉప్పు బస్తా ధర ఎంత యని నన్నడుగుడు. నాకు కావలసినది అదియే.

మాస్టారు: అయితే ఎన్నడును ఎవరితోను చెప్పనవసరము లేదందువా? పెండ్లి విషయమేమి? 1998 లో సుప్రీంకోర్టు తీర్పొకటి ఉన్నది. ఒకని వ్యాధిని ఆసుపత్రివారు వెల్లడింపగా అతని వివాహము ఆగిపోయినది. అతడు ఆసుపత్రిమీద వ్యాజ్యము వేసినాడు. పెండ్లాడబోవు స్త్రీ ప్రాణమునకు ముప్పు ఉన్నప్పుడు అతని రహస్యము నిలువదని న్యాయమూర్తులనిరి.

ఆమె: అది నాకు కోర్టు చెప్పవలెనా? చెప్పకుండ కాపురము చేసినవాని భార్యను నేను. నా భర్త పోయిన నాలుగేండ్లకు ఒకరు నన్ను మనువు అడిగిరి. మంచివాడు. చెప్పిన తరువాత మాత్రమే సరేననవలెనని నాకు తెలుసు. చెప్పుటకు ధైర్యము చాలక కాదనుకొంటిని. ఎవరికి హాని కలుగునో వారికి చెప్పి తీరవలెను. అందులో నాకును మీకును తగవు లేదు. ఇప్పుడు నా రక్తములో ఆ పురుగు పరీక్షకు దొరకుటలేదు. మందు విడువకున్నచో భార్యాభర్తల కలయికవలన సైతము సోకదని డాక్టరమ్మ చెప్పినది.

మాస్టారు: నిజమే. 2011 లో వెల్లడియైన పెద్ద పరిశోధన మొదలు అనేకములు దానిని రూఢిచేసినవి. ఈ సంగతినే గదా లోకమునకు చెప్పవలసినది!

ఆమె: చెప్పుడు. మీరు చెప్పుడు. దానికి నా పేరెందుకు? ఈ మందు వాడువారికి ప్రభుత్వము నెలకు 4,000 రూపాయలు పింఛను ఇచ్చుచున్నది. నాకు అక్కర లేకనా తీసికొననిది? "ఏ పింఛనే నీది?" అని అడుగుదురు. ఆ నాలుగువేలు నేను నా పేరునకు కట్టు అద్దె.

అప్పటికి బండి సోంపేట దాటినదని ఎవరో చెప్పిరి. మాస్టారు చేతికఱ్ఱను రెండు చేతులతో పట్టుకొని ముందుకు వంగెను. ఆయన తుదిమాటగా అడిగినదానికి ఆమె సిద్ధముగా లేకుండెను.

మాస్టారు: నీ కుమారునికి తెలియునా?

ఆమె: తెలియదు.

మాస్టారు: వానికి పదునెనిమిది యేండ్లు. డబ్బా మీద థైరాయిడు అని ఉన్నదానిలో వేరు మాత్రలున్నవని సెల్లుఫోనులో ఒక్క నిమిషమున కనుగొనగల వయస్సు. నేను ఆ పిల్లవానిని చూచితినమ్మా, ఖాళీ బల్లమీద. వానికి తన సంగతి తన తోటిపిల్లల నోట తెలిసినది. తల్లి చెప్పకమునుపే తెలిసినది. వాడు నన్ను చూచిన చూపులో తల్లిమీద కోపముకూడ ఉండెను. ఊరికి చెప్పవలదు. నా సభకు రావలదు, నేనిక అడుగను. కాని నీవు దాచినదానిని వాడు వేరొకని నోట విన్నచో, అపుడు తలుపు విరుగగొట్టినవాడు ఆ వేరొకడగును, విరుగగొట్టబడినది నీ తలుపగును.

ఆమె బదులీయలేదు. చీరకొంగు కొన పట్టుకొని ముడివేసి విప్పి ముడివేసినది. ఈ సంవాదమున మాస్టారి మాటకు ఆమె బదులు చెప్పలేక ఊరకున్నది ఇచ్చట ఒక్కచోటనే.

ఆమె: వాడు అడుగును, "నాన్నకేమయింది?" అని. క్షయ అని చెప్పినాను. అదీ నిజమే, క్షయతోనే పోయినాడు. వాడికి సెప్పాల, మాస్టారూ. సెప్తాను. కాని వాడి చదువు పరీక్షలు అవనీ. ఎప్పుడన్నది నాకు ఒగ్గీండి.

మాస్టారు: నీకే విడిచితిని.

బండి వచ్చెను. ఆమె సంచిని చంకకు దగ్గరగా పెట్టుకొని, ఆడవారి గుంపులో కలిసి ఎక్కినది. కిటికీదగ్గర చోటు దొరికినది. పక్కనున్నామె ఎవరా ముసలాయన అని అడిగినట్లున్నది. "మా మాస్టారు" అని ఆమె చెప్పుట పెదవుల కదలికనుబట్టి తెలిసినది. బండి కదిలి, ఉప్పుగుట్టల నడుమ చాలదూరము కనబడుచు పోయెను.

టీ అమ్మువాడు ఖాళీ గ్లాసులు తీసికొనుటకు వచ్చి, చూపు బండివైపే ఉంచి, "ఎవులు మాస్టారూ ఆయమ్మ? నెలనెలా ఇదే బండికెల్తాది. ఒంట్లో బాగోదేటి?" అని అడిగెను. అడిగినవానిలో చెడు లేదు. నెలనెలా చూచు ముఖమును గూర్చి ఎవడైనను అడుగును. మాస్టారు జేబులో చిల్లర వెదకుచు కొంత ఆలస్యము చేసెను.

"నా దగ్గర చదువుకొన్న పిల్ల. లెక్కలలో దిట్ట" అనెను. తరువాత, ఈ యేడు ఉప్పు బస్తా ఏ ధర పలుకుచున్నదని వానినే అడిగెను.